అందరూ చెప్పే పేర్లు కాకుండా: ఇంకా గుర్తింపు రావాల్సిన కామిక్స్ సూపర్‌హీరోలు, వాళ్లను ఎక్కడ మొదలుపెట్టి చదవాలి

మీ ప్రశ్న క్లుప్తంగా: సినిమాల్లోకి వచ్చిన సూపర్‌హీరోలు అందరూ తెలుసు, ఇప్పుడు అసలు కామిక్సే చదవాలని ఉంది, బ్యాట్‌మన్, సూపర్‌మన్, స్పైడర్‌మన్ కాకుండా పాత్ర బాగుండీ పేరు రానివాళ్లు ఎవరు, ఏ పుస్తకంతో మొదలుపెట్టాలి అని అడిగారు.

సూటిగా సమాధానం: రాకెట్ అనే అమ్మాయి, క్వెశ్చన్, మోనికా రాంబో, స్టార్‌మ్యాన్ జాక్ నైట్, మార్షియన్ మ్యాన్‌హంటర్. మన దేశం నుంచి సూపర్ కమాండో ధ్రువ. వీళ్లలో ఒక్కరినే చదువుతానంటే రాకెట్ కోసం "ఐకాన్" మొదటి సంచిక తీయండి. ముందువెనకల కథ ఏమీ తెలియకపోయినా అర్థమవుతుంది, 42 సంచికల్లో పూర్తయిపోతుంది.

మూన్ నైట్, బ్లూ బీటిల్ లాంటి పేర్లు కావాలనే వదిలేశాను. వాళ్లకు తెర మీద సొంత సిరీసో సినిమానో వచ్చేసింది, వెతికేవాళ్లకు దారి దొరుకుతుంది. ఇక్కడ చెప్పేవాళ్లలో కొందరు తెర మీద కనిపించినా, కామిక్స్‌లో వాళ్లతో జరిగిన అసలు మంచి పని మాత్రం చాలామందికి చేరలేదు.

జాబితాలోకి వెళ్లేముందు ఒక మాట చెప్పాలి, మిగతాదంతా దీని మీదే నిలబడి ఉంది. పేరు రాని హీరో అంటే పాత్రలో పస లేదని చాలామంది అనుకుంటారు. చరిత్ర చూస్తే ఎక్కువసార్లు అలా జరగలేదు. పేరు మీద హక్కు ఎవరిది, ప్రచురణ సంస్థ బతికిందా మూతపడిందా, పాత సంచికలు మళ్లీ అచ్చులోకి వచ్చాయా లేదా, వీటి దగ్గరే గుర్తింపు తేలిపోయింది. ఇది నా అభిప్రాయంగా కొట్టిపారేయకండి, కెప్టెన్ మార్వెల్ సంగతి చూడండి.

1940 ఫిబ్రవరి తేదీతో ఫాసెట్ సంస్థ తెచ్చిన విజ్ కామిక్స్ 2వ సంచికలో రచయిత బిల్ పార్కర్, చిత్రకారుడు సి.సి. బెక్ ఈ పాత్రను మొదలుపెట్టారు. బిల్లీ బ్యాట్సన్ అనే అనాథ కుర్రాడు "షజామ్" అని పలకగానే మెరుపు పడి మహాబలుడవుతాడు. ఆంగ్లంలో ఆ మాటలోని ఆరు అక్షరాలకు ఆరుగురు: సాలమన్ వివేకం, హెర్క్యులిస్ బలం, అట్లాస్ ఓర్పు, జ్యూస్ శక్తి, అకిలీస్ ధైర్యం, మెర్క్యురీ వేగం. మంత్రం పలికితే రూపం మారిపోయే కథలు వింటూ పెరిగిన మనకు ఇది ఇట్టే పడుతుంది. అప్పటి పిల్లలకూ అలాగే పట్టింది. 1941లోనే 12 భాగాల సినిమా సీరియల్ వచ్చింది, 1940ల నడుమ అమ్మకాల్లో ఈ పుస్తకం సూపర్‌మన్‌నే దాటింది.

అదే దీనికి చేటు తెచ్చింది. ఇది సూపర్‌మన్‌కు నకలని నేషనల్ సంస్థ (ఇప్పటి డీసీ) 1941లో దావా వేసింది. పన్నెండేళ్లు నడిచాక 1953లో ఫాసెట్ 4 లక్షల డాలర్లు కట్టి రాజీపడి, ఆ హీరోల ప్రచురణే ఆపేసింది. పేరు ఖాళీగా ఉండటం చూసి 1967లో మార్వెల్ సంస్థ తన సొంత కెప్టెన్ మార్వెల్‌ను తెచ్చి ఆ పేరును తన ట్రేడ్‌మార్క్ చేసుకుంది. తర్వాత డీసీ హక్కులు తీసుకుని 1973లో పాత హీరోను మళ్లీ తెచ్చినా పుస్తకం మీద అతని పేరు వేయలేక "షజామ్!" అని వేయాల్సి వచ్చింది. చివరికి 2012 నాటికి హీరో పేరే షజామ్ అయింది. ఒకప్పుడు అమెరికాలో అందరికన్నా ఎక్కువ అమ్ముడైన హీరో సొంత పేరు పోగొట్టుకున్నాడు. కథ బాగాలేకపోవడం ఇందులో ఎక్కడా కారణం కాదు.

మోనికా రాంబో

అదే పేరు మార్వెల్‌లో మరొకరి చేతికి వచ్చి, ఆవిడ దగ్గరా నిలవలేదు. 1982లో అమేజింగ్ స్పైడర్‌మన్ 16వ వార్షిక సంచికలో రోజర్ స్టెర్న్, జాన్ రొమీటా జూనియర్ కలిసి మోనికా రాంబోను తెచ్చారు. న్యూ ఓర్లీన్స్ రేవులో గస్తీ దళపు లెఫ్టినెంట్, నల్లజాతి మహిళ. విద్యుదయస్కాంత వర్ణపటంలోని ఏ శక్తిగానైనా తన శరీరాన్ని మార్చుకోగలదు. కాంతిగా మారితే కాంతి వేగమే ఆమె వేగం. రేడియో తరంగం, ఎక్స్‌రే, గామా కిరణం, అన్నీ ఆమెకు సాధ్యమే.

1983 జనవరి తేదీ ఉన్న అవెంజర్స్ 227వ సంచికలో ఆమె జట్టులోకి వస్తుంది. స్టెర్న్ గొప్పతనం ఇక్కడుంది: ఇంత శక్తి ఉన్న మనిషిని పని నేర్చుకుంటున్న కొత్త ఉద్యోగిలా రాశాడు. కెప్టెన్ అమెరికా దగ్గర, వాస్ప్ దగ్గర ఆమె ప్రశ్నలు అడుగుతుంది, తన శక్తిలో ఏది ఎప్పుడు వాడాలో ఒక్కొక్కటిగా తెలుసుకుంటుంది. 50 సంచికలు దాటాక, 1987లో 279వ సంచికలో, ఆమె అవెంజర్స్‌కు అధ్యక్షురాలవుతుంది. ఇది ఒక్కసారిగా పడిన పట్టం కాదు, వరసగా చదివితే ఆ స్థానానికి ఆమె ఎలా అర్హురాలైందో మెట్టుమెట్టుగా కనిపిస్తుంది.

తర్వాత జరిగింది అన్యాయమనే అంటాను. ఆమె స్థానంలో మళ్లీ కెప్టెన్ అమెరికాను పెట్టాలనీ, అందుకు ఆమెను చేతకాని నాయకురాలిగా చూపించాలనీ సంపాదకుల వైపు నుంచి వచ్చిన ఆలోచనకు స్టెర్న్ ఒప్పుకోలేదు. పుస్తకం అతని చేతి నుంచి పోయింది. 1988లో 293వ సంచిక వచ్చేసరికి సముద్రపు నీటిని తాకి, శక్తి అంతా నీటి మీద చెదిరిపోయి, ఎముకల గూడైన మోనికా జట్టు నుంచి తప్పుకుంటుంది. ఆపైన పేరు కూడా పోయింది. 1990లలో కెప్టెన్ మార్వెల్ పేరు జెనిస్‌వెల్ అనే కుర్రాడికి వెళ్లింది, ఆమె ఫోటాన్ అయింది. తర్వాత ఫోటాన్ పేరూ అతనే తీసుకుంటే పల్సర్ అయింది. 2013 నాటికి స్పెక్ట్రమ్. నాలుగు పేర్లు మారిన హీరోను కొత్త పాఠకుడు ఏ పేరుతో వెతకాలి?

ఎక్కడ మొదలుపెట్టాలంటే, అవెంజర్స్ 273 నుంచి 277 దాకా. "అండర్ సీజ్" అనే పేరుతో ఒక్క పుస్తకంగా దొరుకుతుంది. దుర్మార్గుల ముఠా అవెంజర్స్ భవనాన్నే ఆక్రమించే కథ. గమనించాల్సింది ఏమిటంటే, శత్రువులు ముందుగా వేసుకునే లెక్కల్లో మోనికాను ఎలా తప్పించాలన్నది ఒకటి. ఆమెను బ్లాక్‌ఔట్ అనే దుర్మార్గుడి చేత వెలుతురే లేని చీకటి లోకంలో బంధిస్తారు. ఆమె బయట ఉంటే కథ మొదటి పది పేజీల్లో అయిపోతుందని రచయితకు తెలుసు.

అది నచ్చితే 2015 నాటి "అల్టిమేట్స్" 12 సంచికలు, రచన ఆల్ యూయింగ్. అందులో ఆమె విశ్వస్థాయి సమస్యల మీద పనిచేస్తుంది. ఒక జాగ్రత్త: అదే "అల్టిమేట్స్" పేరుతో 2002లో మొదలైన వేరే పుస్తకం ఉంది, అందులో మోనికా లేదు. కొనేముందు అట్ట మీద రచయిత పేరు చూసుకోండి. "వాండావిజన్", "ది మార్వెల్స్"లో ఆమెను చూసినవాళ్లు ఈ కామిక్స్‌కు వస్తే పాత్ర కొంచెం పరాయిగా అనిపిస్తుంది. తెర మీది మోనికా అంతరిక్ష సంస్థ మనిషి, కామిక్స్ మోనికా రేవు గస్తీ అధికారి.

క్వెశ్చన్

ఇతని విషయంలో పేరు పోలేదు, అతని నుంచి పుట్టిన పాత్ర లోకప్రసిద్ధమై అసలువాణ్ణి కప్పేసింది. 1967లో చార్ల్‌టన్ సంస్థ బ్లూ బీటిల్ 1వ సంచికలో వెనకాల చిన్న కథగా స్టీవ్ డిట్కో ఇతన్ని మొదలుపెట్టాడు. స్పైడర్‌మన్‌ను స్టాన్ లీతో కలిసి సృష్టించిన డిట్కోయే. విక్ సేజ్ అనే టీవీ విలేకరి, ముఖం మీద చర్మంలా అతుక్కునే ముసుగు వేసుకుంటే కళ్లు, ముక్కు, నోరు ఏవీ కనిపించవు. 1980లలో చార్ల్‌టన్ హీరోలను డీసీ కొనుక్కుంది. వాళ్లతో ఒక కథ రాస్తానని రచయిత అలన్ మూర్ ప్రతిపాదిస్తే, పాత్రలు పాడైపోతాయని సంస్థ వాళ్లను ఇవ్వలేదు. అతను వాళ్లకు బదులు కొత్త పాత్రలు తయారుచేసుకుని "వాచ్‌మెన్" రాశాడు. క్వెశ్చన్ స్థానంలో వచ్చినవాడే రోర్షాక్. ఇవాళ రోర్షాక్ తెలిసిన పదిమందిలో క్వెశ్చన్ తెలిసినవాళ్లు ఒకరిద్దరుంటే ఎక్కువ.

కానీ చదవాల్సింది 1987లో మొదలైన డెన్నీ ఓనీల్ రచన, డెనిస్ కవన్ బొమ్మలున్న పుస్తకం. 36 సంచికలు. మొదటి సంచికలోనే హీరో ఓడిపోతాడు. మామూలు ఓటమి కాదు: లేడీ శివ అనే యుద్ధవిద్యల నిపుణురాలి చేతిలో చావుదెబ్బలు తిని, తలలోకి తూటా దిగి, నదిలో పడతాడు. అంతవరకు అతను డిట్కో రాసిన మనిషే, మంచి చెడుల మధ్య సందేహమే లేనివాడు. కోలుకున్నాక రిచర్డ్ డ్రాగన్ అనే గురువు దగ్గర శిక్షణకు పోతాడు. తిరిగొచ్చాక అతనికి నిశ్చయాలు తగ్గి ప్రశ్నలు పెరుగుతాయి. ముసుగు పేరుకు అప్పటినుంచి అర్థం వస్తుంది.

హబ్ సిటీ అనే ఆ ఊరే రెండో పాత్ర. మేయరు తాగుబోతు, పాలన ఒక మతబోధకుడి గుప్పిట్లో, పోలీసులు లంచగొండులు. ఏ ఒక్క దుర్మార్గుణ్ణి కొట్టినా ఊరు బాగుపడదన్న నిజాన్ని 36 సంచికల్లోనూ ఓనీల్ ఎక్కడా దాచడు. ఇలాంటి ఊరిని సూపర్‌హీరో బాగుచేయగలడా అన్న ప్రశ్నను ఇంత నిజాయితీగా, చివరిదాకా పట్టుకుని నడిచిన అమెరికన్ కామిక్ ఇంకొకటి నాకు గుర్తురాదు. 17వ సంచికలో విక్ "వాచ్‌మెన్" చదువుతాడు! రోర్షాక్‌లా ఉండాలని చూసి దెబ్బలు తింటాడు. మూలపాత్ర తన నకలును చదివి, అది తనకు పనికిరాదని తెలుసుకునే ఆ సంచిక కోసమైనా ఈ పుస్తకం చదవాలి.

చదివేటప్పుడు ఇబ్బంది ఎక్కడొస్తుందంటే, మొదటి ఆరు సంచికల్లో వేగం ఉంటుంది, తర్వాత ఒక్కో సంచిక ఒక్కో విడి కథలా నెమ్మదిస్తుంది. అక్కడే చాలామంది ఆపేస్తారు. ఆపకండి. రోజుకొకటి చొప్పున చదవండి, ఒకే బిగిన పది చదివితే అలసట వస్తుంది. సంపుటాలుగా ఆరు పుస్తకాలు వచ్చాయి, మొదటిది "జెన్ అండ్ వయొలెన్స్", 1 నుంచి 6 సంచికలు అందులో ఉన్నాయి. తర్వాతి కాలంలో క్వెశ్చన్ ముసుగు రెనే మోంతోయా అనే మాజీ పోలీసు అధికారిణికి వెళ్తుంది. 2006లో మొదలైన "52" అనే వారపత్రిక కామిక్‌లో ఆ మార్పు జరుగుతుంది. అది విక్ సేజ్ కథ పూర్తిచేశాకే చదవాలి, లేకపోతే ఆ అప్పగింతలోని బరువు తెలియదు.

రాకెట్, ఆమె వెంట ఐకాన్

క్వెశ్చన్ బొమ్మలు వేసిన కవన్ తర్వాత చేసిన పని ఇంకా పెద్దది. 1993లో డ్వేన్ మెక్‌డఫీ, మైకేల్ డేవిస్, డెరెక్ డింగిల్‌లతో కలిసి మైల్‌స్టోన్ అనే సంస్థను మొదలుపెట్టాడు. నల్లజాతి రచయితలు, చిత్రకారులు తమ పాత్రల మీద హక్కు తమ దగ్గరే ఉంచుకుని, ముద్రణ, పంపిణీ మాత్రం డీసీకి ఇచ్చిన ఏర్పాటు అది. హార్డ్‌వేర్, బ్లడ్ సిండికేట్, ఐకాన్, స్టాటిక్ అనే నాలుగు పుస్తకాలతో మొదలైంది, నాలుగూ డకోటా అనే కల్పిత నగరంలో.

ఐకాన్ కథ పైకి సూపర్‌మన్ కథే. గ్రహాంతరవాసి ఒకడు భూమ్మీద పడతాడు. కానీ పడింది 1839లో, అమెరికా దక్షిణాదిన పత్తిచేలో. మొదట చూసిన మనిషి రూపాన్ని అతని నౌక అతనికిస్తుంది, ఆ మనిషి బానిసగా ఉన్న నల్లజాతి స్త్రీ. ఆమె అతన్ని బిడ్డగా పెంచుతుంది. వయసు చాలా నెమ్మదిగా పెరిగే శరీరం కావడంతో తన వారసుడిగా తానే నటిస్తూ 1990ల దాకా వస్తాడు, అగస్టస్ ఫ్రీమన్ అనే సంపన్న న్యాయవాదిగా. నేను కష్టపడి పైకొచ్చాను, మిగతావాళ్లూ అలాగే రావాలన్నది అతని సిద్ధాంతం. శక్తులున్నా వాడడు.

ఇక్కడికి రాకెల్ ఎర్విన్ వస్తుంది. పేదల వాడలో పెరిగిన అమ్మాయి, రచయిత్రి కావాలని కోరిక. స్నేహితులతో కలిసి అతని ఇంట్లో దొంగతనానికి వెళ్లి, అతని శక్తి కళ్లారా చూస్తుంది. పారిపోయి ఊరుకోకుండా మళ్లీ అతని గుమ్మం తొక్కి, ఇంత శక్తి ఉండి మా వాడ కోసం ఏమీ చేయకపోవడం ఏమిటని నిలదీస్తుంది. దుస్తుల బొమ్మ కూడా తనే గీసుకుని వెళ్తుంది. అతని నౌక పరిజ్ఞానంతో తయారైన బెల్టు ఆమెకు శక్తినిస్తుంది: తగిలిన దెబ్బల వేగాన్ని దాచుకుని తిరిగి వాడుకోవచ్చు. ఆమే రాకెట్. హీరోను హీరోగా చేసింది సహాయకురాలు, అందుకే గుర్తింపు ముందు ఆమెకు రావాలంటాను.

వాళ్లిద్దరూ మొదటిసారి సాయానికి ఎగురుకుంటూ వెళ్తే పోలీసులు వాళ్ల మీదికే తుపాకులు తిప్పుతారు. సూపర్‌మన్‌కు ఎదురుకాని పరిస్థితి అది. కొద్ది సంచికల్లోనే రాకెల్ తను గర్భవతినని తెలుసుకుంటుంది. 1993లో ఒక సూపర్‌హీరో పుస్తకంలో పదిహేనేళ్ల అమ్మాయి గర్భం గురించి, ఏ నిర్ణయం తీసుకోవాలన్న దాని గురించి ఉపన్యాసం లేకుండా, తొందరపాటు లేకుండా రాయడం మెక్‌డఫీ ధైర్యం. ఆమె బిడ్డను కంటుంది, కొంతకాలం పని మానుకుంటుంది, తిరిగొస్తుంది. రాజకీయంగా ఐకాన్ ఒక దిక్కు, ఆమె మరో దిక్కు. వాదనలో ఎవరినీ చులకన చేసి రాయలేదు, ఇద్దరూ కొంత కొంత మారతారు.

మరి పేరెందుకు రాలేదు? 1990ల మొదట్లో పెట్టుబడి కోసం కామిక్స్ కొని దాచే పిచ్చి ముదిరి, దశకం నడుమకొచ్చేసరికి మార్కెట్ కూలిపోయింది. వందల షాపులు మూతపడ్డాయి. ఇవి నల్లవాళ్ల కోసమే అని అనుకుని కొన్ని షాపులు తక్కువ ప్రతులు తెప్పించేవి. 1997కల్లా మైల్‌స్టోన్ పుస్తకాలు ఆగిపోయాయి. స్టాటిక్ మాత్రం 2000 నుంచి 2004 దాకా 52 భాగాల కార్టూన్ సీరియల్‌గా వచ్చి ఒక తరం పిల్లలకు దగ్గరయ్యాడు. ఐకాన్, రాకెట్‌లకు అలాంటి అవకాశం రాలేదు. మెక్‌డఫీ 2011లో చనిపోయాడు. హక్కుల చిక్కులు తీరి, 2021లో కొత్త కథలు మొదలయ్యేదాకా పాత సంచికల్లో చాలా భాగం పుస్తకరూపంలో దొరకనే లేదు.

ఇప్పుడు "మైల్‌స్టోన్ కంపెండియం" పేరుతో లావుపాటి సంపుటాలున్నాయి. వాటిలో నాలుగు పుస్తకాల సంచికలూ కలిపి ఇచ్చారు కాబట్టి ఐకాన్ ఒక్కటే కావాలనుకుంటే పేజీలు తిప్పుకుంటూ పోవాలి. అలా చేయొచ్చు, ఏమీ కాదు. రెండుచోట్ల మాత్రం ఆగండి: ఒకటి "షాడో వార్", రెండోది 1994 వేసవిలో సూపర్‌మన్ పుస్తకాలతో కలిసి వచ్చిన "వరల్డ్స్ కొలైడ్". ఈ రెండు కథలూ ఒక పుస్తకం నుంచి ఇంకొకదానికి దూకుతాయి. అక్కడ ఐకాన్ సంచికలు ఒక్కటే చదివితే మధ్యలో కథ తెగుతుంది. మిగతా భాగాలు దొరక్కపోతే వాటిని వదిలేసి ముందుకెళ్లండి, రాకెల్ కథ నష్టపోదు.

స్టార్‌మ్యాన్ జాక్ నైట్

1994లో 0వ సంచికతో మొదలై 2001లో 80వ సంచికతో ముగిసింది. రచన జేమ్స్ రాబిన్సన్. బొమ్మలు సుమారు సగం దాకా టోనీ హారిస్, తర్వాత పీటర్ స్నెయ్‌బియెర్గ్. జాక్‌ది పాత వస్తువుల దుకాణం: పాత బొమ్మలు, పాత పోస్టర్లు, పాత చొక్కాలు. తండ్రి టెడ్ 1940ల నాటి స్టార్‌మ్యాన్. దుస్తులు వేసుకుని వారసత్వం తీసుకున్న అన్న డేవిడ్ కథ మొదట్లోనే హతుడవుతాడు. ఇష్టం లేని జాక్ చేతికి స్టార్‌మ్యాన్ శక్తిదండం వస్తుంది. అతను తండ్రికి ఒక షరతు పెడతాడు: నేను ఊరిని కాపాడతాను, నువ్వు నీ విశ్వశక్తి పరిశోధనను ఆయుధంగా కాకుండా జనానికి పనికొచ్చేలా మార్చు. తండ్రీకొడుకుల మధ్య ఆ ఒప్పందమే పుస్తకం మొత్తానికీ వెన్నెముక.

ఏడాదికొకసారి చనిపోయిన అన్నతో జాక్ మాట్లాడే సంచిక వస్తుంది. అవి వరసగా చదివినప్పుడే వాటి విలువ తెలుస్తుంది, విడిగా తీసి చదవకండి. "టైమ్స్ పాస్ట్" అనే పాతకాలపు కథల సంచికలను సోది అనుకుని దాటేసేవాళ్లున్నారు. దాటేస్తే షేడ్ అనే పాత్ర చివర్లో చేసే పనులు అర్థం కావు.

ఇతనికి పేరు రాకపోవడానికి కారణం ఒక రకంగా గౌరవప్రదమైనది. రాబిన్సన్ కథ ముగించాడు, జాక్ ఊరు వదిలి వెళ్లిపోయాడు, ఆ తర్వాత డీసీ అతన్ని పెద్దగా కదిలించలేదు. ప్రతినెలా పుస్తకంలో లేని హీరోను కొత్త పాఠకులు మరిచిపోతారు. ఆరు ఆమ్నిబస్ సంపుటాలు (చాలా సంచికలు ఒకచోట కలిపిన లావుపాటి పుస్తకాలు) ఉన్నాయి. పాత హీరోల గురించిన ప్రస్తావనలు చాలా ఉంటాయి కాబట్టి ఇది మొదటి పుస్తకంగా వద్దు, మూడోదో నాలుగోదో కావాలి.

మార్షియన్ మ్యాన్‌హంటర్

క్లుప్తంగానే చెబుతాను, పేరైనా విని ఉంటారు కాబట్టి. 1955 నవంబరు డిటెక్టివ్ కామిక్స్ 225వ సంచికలో మొదటి కథ. జస్టిస్ లీగ్ స్థాపక సభ్యుడు. సూపర్‌మన్‌కున్న బలం చాలావరకు ఉంది, పైగా రూపం మార్చగలడు, మాయమవగలడు, మనసులు చదవగలడు. అయినా సొంతంగా నెలనెలా నడిచే పుస్తకం 1998లో గానీ రాలేదు, మొదటి కథ తర్వాత 43 ఏళ్లకు. శక్తులు ఎక్కువైన పాత్రకు ఇబ్బందులు కల్పించడం రచయితలకు కష్టం, నిప్పు ఒక్కటే అతని బలహీనతగా పెట్టి దాన్నే పదేపదే వాడేశారు. జాన్ ఆస్ట్రాండర్, టామ్ మాండ్రేక్‌ల ఆ 36 సంచికల పుస్తకం బాగుంటుంది. కొత్తవాళ్లకు మాత్రం స్టీవ్ ఓర్లాండో, రైలీ రాస్మో 12 సంచికల కథ మేలు. అంగారకుడి మీద అతని పాత జీవితం, అక్కడ అతను చేసిన తప్పులు, ఇక్కడి హత్య కేసు దర్యాప్తు కలిసి నడుస్తాయి. బొమ్మల్లో శరీరాలు కరిగి సాగుతుంటాయి, పిల్లలకు ఇవ్వదగింది కాదు. 1955 నాటి కథల నుంచి మొదలుపెడితే నిరాశే, అవి ఆరేడు పేజీల చిన్న డిటెక్టివ్ కథలు.

సూపర్ కమాండో ధ్రువ

హిందీ చదవగలిగితే ఇతన్ని వదలొద్దు. రాజ్ కామిక్స్‌లో 1987లో "ప్రతిశోధ్ కీ జ్వాలా"తో మొదలయ్యాడు. రచన, బొమ్మలు రెండూ అనుపమ్ సిన్హావే. జూపిటర్ సర్కస్‌లో పెరిగిన కుర్రాడు, పోటీ సర్కస్ వాళ్ల కుట్రలో తల్లిదండ్రులను, సర్కస్‌ను మంటల్లో పోగొట్టుకుంటాడు. ఒక పోలీసు అధికారి పెంచుకుంటాడు. సర్కస్, అనాథ, బ్యాట్‌మన్ శిష్యుడు రాబిన్ పోలిక కనిపిస్తుంది, నిజమే. అక్కడితో ఆగిపోయి నకలని తీసిపారేస్తే నష్టం చదివేవాళ్లకే.

ధ్రువకు మానవాతీత శక్తి లేదు, ముసుగూ లేదు. పక్షులతో, జంతువులతో మాట్లాడగలగడం సర్కస్‌లో అబ్బిన విద్య. శత్రువులకేమో భయంకరమైన శక్తులుంటాయి. ప్రతి కథలోనూ చుట్టూ ఉన్న వస్తువులతో, బడిలో నేర్చుకునే భౌతిక, రసాయన శాస్త్రంతో గెలవాలి. ఆ నియమాన్ని ఏళ్ల తరబడి నిలబెట్టడం ఎంత కష్టమో కథలు అల్లేవాళ్లకు తెలుస్తుంది. భాష ఒక్కటే ఇతన్ని హిందీ ప్రాంతాల్లో ఆపేసింది. దక్షిణాదిన సూపర్‌హీరోల చర్చ వస్తే అతని పేరే రాదు. రాజ్ కామిక్స్‌లోనే మరో హీరో అయిన నాగరాజ్‌తో కలిసి చేసిన కథలు ఎక్కువ ప్రచారంలో ఉన్నాయి గానీ, వాటితో మొదలుపెట్టొద్దు. నాగరాజ్ శక్తుల పక్కన ధ్రువ తెలివి చూపించడానికి చోటు తగ్గుతుంది. మొదట అతని ఒంటరి కథలు నాలుగైదు చదవండి.

కొనడం, చదవడం గురించి

కొత్తవాళ్లు డబ్బు పోగొట్టుకునేది ఎక్కువగా సంచిక అంకెల దగ్గర. అమెరికన్ సంస్థలు ఒకే పేరుతో పుస్తకాన్ని ఆపి మళ్లీ 1వ అంకెతో మొదలుపెడతాయి. కాబట్టి "క్వెశ్చన్ 1" అని వెతికితే చాలదు, మొదలైన సంవత్సరం, రచయిత పేరు కలిపి వెతకండి. సంపుటం కొంటే వెనక అట్ట మీదో, లోపల కాపీరైట్ పేజీలోనో ఏ సంచికలు ఉన్నాయో వరసగా రాసి ఉంటుంది. ఆన్‌లైన్ అమ్మకందారు ఇచ్చే వివరణ కన్నా ఆ వరసనే నమ్మండి. "వాల్యూమ్ 1" అన్నంత మాత్రాన కథ మొదటి నుంచి ఉందని కాదు.

మామూలు సంపుటంలో అయిదారు సంచికలుంటాయి, ఒకటి రెండు పూటల్లో అయిపోతుంది. ఆమ్నిబస్‌లో పాతిక దాకా, ఒక్కోసారి ఇంకా ఎక్కువే ఉంటాయి, ఒళ్లో పెట్టుకుని చదవడం కష్టం, బల్ల కావాలి. హీరో నచ్చుతాడో లేదో తెలియకముందే ఆమ్నిబస్ కొనకండి. విశాఖ, కాకినాడ, నెల్లూరు లాంటి తీరప్రాంతాల్లో ఉంటే నున్నటి కాగితం తేమకు ఒకదానికొకటి అంటుకుంటుంది. పుస్తకాలు బిగుతుగా ఇరికించకుండా నిలువుగా పెట్టి, గోడకు ఆనకుండా కాస్త ఎడం ఉంచండి.

డిజిటల్‌గా చదివేటట్లయితే పది అంగుళాల ట్యాబ్లెట్ సరిపోతుంది. ఫోన్‌లో ఒక్కో గడి విడిగా పెద్దదిగా చూపించే సదుపాయం ఉన్నా, రెండు పేజీలు కలిపి గీసిన బొమ్మలు అక్కడ ముక్కలవుతాయి. స్టార్‌మ్యాన్‌లో, రాస్మో బొమ్మల్లో ఇది బాగా దెబ్బతీస్తుంది. నలుపు తెలుపు ఈ-ఇంక్ రీడర్ ఈ పుస్తకాలకు పనికిరాదు, మైల్‌స్టోన్‌కు అసలే పనికిరాదు. ఒంటి రంగుల్లో తేడాలు సరిగ్గా పలకాలని వాళ్లు రంగులు వేసే పద్ధతినే మార్చుకున్నారు, అదంతా బూడిద రంగులో కలిసిపోతుంది. మోనికా కథలకు మార్వెల్ అన్‌లిమిటెడ్ చందా సులువైన దారి.

అమెరికాలో ఉన్న మనవాళ్లయితే కొనేముందు ఊరి గ్రంథాలయం కార్డుతో హూప్లా యాప్ చూడండి. చాలా గ్రంథాలయాల్లో అది ఉచితం, నెలకు ఎన్ని తీసుకోవచ్చన్నది గ్రంథాలయాన్ని బట్టి మారుతుంది. అక్కడ ఒక సంపుటం మొత్తం ఒక్క అరువుగానే లెక్క, కాబట్టి విడి సంచికలు కాకుండా సంపుటాలే తీసుకోండి. ముందు మైల్‌స్టోన్ మొదటి సంపుటం కోసం వెతకండి, అది దొరక్కపోతే "జెన్ అండ్ వయొలెన్స్".